కోసే పండు, జుర్రే పండు

మే నెల మొదట్లో విజయవాడలో ఓ మామిడిపళ్ల బండి దగ్గర నిలబడ్డాను. పక్కనున్నావిడ ఒక పెద్దరసాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో నొక్కి చూసి, "మెత్తబడిపోయిందండీ, వద్దు" అని పక్కన పెట్టేసింది. గట్టిగా, నున్నగా, పసుపు ముద్దలా ఉన్న బంగినపల్లి రెండు కిలోలు తూయించుకుని వెళ్లిపోయింది. ఆ రోజు ఆ బండి మీద తినడానికి సరిగ్గా వచ్చిన పండు ఆవిడ వద్దన్నదే. నాకు ప్రాణం ఉసూరుమంది.

మన మామిడిలో ప్రధానంగా రెండు కులాలున్నాయి. కోసుకు తినేవి కొన్ని, జుర్రుకునేవి కొన్ని. ఒకదానికి పెట్టే పరీక్ష రెండోదానికి పెడితే మంచి పండు చెత్తబుట్టలోకి పోతుంది.

కోత పండుకు రాజు బంగినపల్లి. ఇప్పటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె దానికి పేరు పెట్టిన ఊరు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దీన్నే బేనిషాన్ అంటారు, అంటే మచ్చలేనిదని. పీచుండదు, తొక్క పల్చన. రెండు చెంపలూ కోసి ముక్కలు చేస్తే ముక్క నిలబడాలి. వేలితో నొక్కితే కాస్త లొంగాలి, అంతే. మరీ మెత్తబడిందంటే రుచి చప్పబడినట్టే.

జుర్రుకునే పండు రసం. దాని సంగతి వేరు. నూజివీడు వైపు తోటల్లో పుట్టి పెరిగినవాళ్లు ఈ పండును కత్తితో కోయనివ్వరు. ముందు ఓ గంట నీళ్ల బకెట్లో వేయాలి. తర్వాత రెండు అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా, టెంక చుట్టూ గుజ్జంతా కరిగేదాకా నెమ్మదిగా పిసకాలి. లోపల టెంక కదులుతున్నట్టు వేళ్లకు తెలుస్తుంది. అప్పుడు ముచ్చిక తీసి, మొదటి రెండు చుక్కలు పిండి పారేయాలి. అందులో సొన ఉంటుంది, పెదవి పొక్కుతుంది. ఆ తర్వాత నోట పెట్టుకుని కింది నుంచి పైకి నొక్కుకుంటూ జుర్రడమే. చివరికి తొక్క చీల్చి టెంకను తెల్లగా చీకాలి. పీచు అడ్డం పడుతుందని కొందరు విసుక్కుంటారు. నన్నడిగితే ఆ పీచు పట్టి ఉంచినంత రసం ఏ కోత పండులోనూ లేదు.

రసాల్లోనూ తేడాలున్నాయి. పెద్దరసం చేతినిండా ఉంటుంది, రసం ధారగా వస్తుంది. చిన్నరసం కాయ చిన్నదే, తీపి మాత్రం చిక్కన. చెరుకురసం, పంచదార కలశ పేర్లలోనే తమ రుచి చెప్పేస్తాయి. గోదావరి జిల్లాల కొత్తపల్లి కొబ్బరి పచ్చిగా ఉంటే ఆవకాయలోకి, పండితే పెరుగన్నంలోకి. పెరుగన్నంలో బంగినపల్లి ముక్క నంజుకోవచ్చు కానీ, రసం పిండి కలుపుకున్న ముద్ద ముందు అది దిగదుడుపే.

నెలను బట్టి కూడా పండును పోల్చుకోవచ్చు. ఉత్తరాంధ్ర సువర్ణరేఖ అందరికంటే ముందొస్తుంది, భుజాల మీద ఎర్రటి పూతతో. చూపుకున్నంత తీపి దానికి లేదని నా అభిప్రాయం. ఏప్రిల్ చివర నుంచి బంగినపల్లి, మే ఎండల్లో రసాలు, ఆ వెనకే హైదరాబాదు వాళ్లు ప్రాణం పెట్టే హిమాయత్. చిలకముక్కు తోతాపురి జూన్లో చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో వెళుతుంది. వానలు పడ్డాక మిగిలేది నీలం. చిన్న పండు, గది నిండే వాసన. మృగశిర వానలు తడిపాక రసాల్లో పురుగు భయం ఎక్కువ, అందుకే రోహిణి కార్తె దాటకుండా తినేయమనేవారు పెద్దలు.

రంగును మాత్రం నమ్మకండి. కార్బైడుతో మాగబెట్టడాన్ని చట్టం నిషేధించింది. ఇథిలీన్ వాయువుతో, పరిమితికి లోబడి మాగబెట్టవచ్చు. అయినా లేతకాయను దింపేసి ఏం చేసినా తొక్కకు పసుపొస్తుంది గానీ కండలోకి తీపి రాదు. ముదిరిన కాయకు ముచ్చిక చుట్టూ భుజాలు లేచి, ముచ్చిక గుంటలో కూర్చున్నట్టుంటుంది. కాయను నీళ్లలో వేసి చూస్తే ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. ముదిరిన కాయల్ని చిక్కంతో దింపి, గడ్డిలో నాలుగైదు రోజులు మాగేస్తే ముచ్చిక దగ్గర ముక్కు పెట్టగానే తెలిసిపోతుంది. కార్బైడు పండుకు ఆ వాసన రాదు.

రసాలకు ఇప్పుడు బజారులో చోటు తగ్గుతోంది. తొక్క చిట్లకుండా లారీలో దూరం వెళ్లలేవు, పండాక రెండు రోజులకు మించి ఆగవు. కొనేవాళ్లు మెత్తగా ఉందని పక్కన పెడితే అమ్మేవాడు తేవడం మానేస్తాడు. అమ్ముడుపోని చెట్టును రైతు కొట్టేసి బంగినపల్లి అంటు నాటుకుంటాడు, అతన్ని తప్పుపట్టలేం.

ఈసారి మేలో బండి దగ్గర ఆగినప్పుడు "రసాలున్నాయా?" అని అడగండి. ఏ రసమో పేరు చెప్పించుకోండి. మెత్తగా ఉన్నవే ఏరుకుని, ఆ సాయంత్రానికి సరిపడా కొనండి. పిల్లల చేతికి కత్తి కాదు, పండు ఇవ్వండి.