ఒకే నీళ్లు, మూడు అర్జీలు

బొల్లాపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉన్న గోడే. మంచినీళ్ల ప్లాంటు కోసం అర్జీ రాసిపెట్టమని ఊరివాళ్లు వస్తే నేను ముందడిగేది, ఎవరికి రాస్తున్నామని. కొందరికి ఆ ప్రశ్న నచ్చదు. డబ్బున్నవాడిని బట్టి వేషం మారుస్తామా అంటారు.

మారేది వేషం కాదు, ముందు చెప్పే మాట. మాచర్ల, దాచేపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీల సంగతే చూడండి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టాలి. ఏయే పనులకో ఏడో షెడ్యూల్ చెబుతుంది. సురక్షిత తాగునీరు అందులో మొదటి అంశంలోనే ఉంది. చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టమే అంటుంది. అందుకే ఫ్యాక్టరీకి మన ఊరు ఎన్ని కిలోమీటర్లో మొదటి పేరాలోనే పడాలి. 'మాది వెనకబడిన గ్రామం' అని మొదలెడితే ఆ ఫైలు చూసే ఉద్యోగికి ఏం లాభం? అతను పైవాళ్లకు నోట్ పెట్టుకోవాలి. ఆ నోట్‌లోకి దించుకునే వాక్యం మనమే రాసివ్వాలి.

అదే అర్జీ జిల్లా ఖనిజ నిధికి వెళితే లెక్క మారుతుంది. గనుల లీజుదారులు రాయల్టీకి అదనంగా కట్టే సొమ్ము అది, గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం. అక్కడ దూరం చెప్పాల్సింది క్వారీ నుంచి. దుమ్ము, లారీలు, నీటి పరీక్ష రిపోర్టు ముందుకు రావాలి.

ఇక మూడోది సొంత పంచాయతీ. చాలామందికి ఇది గుర్తే రాదు! 15వ ఆర్థిక సంఘం 2021-26కి పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే కట్టేసింది. దానికి కన్నీళ్ల కథ అక్కర్లేదు, గ్రామసభ తీర్మానం కావాలి.

ఇచ్చేవాళ్ల మనసు కుట్టుమిషన్ల శిక్షణ మీద ఉందని నీళ్లు వదిలేసి అదే అడుగుదామంటే మాత్రం నేను రాయను. మిరపకోతల రోజుల్లో ఆ క్లాసుకు వచ్చేదెవరు?

ఎవరికి రాసినా మార్చని పేరా ఒకటుంది. ప్లాంటు పెట్టాక నీళ్లు వడపోసే మెంబ్రేన్ ఎవరు మారుస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, క్యాను ఎంతకిస్తారు. ఫారంలో దానికి గడి లేకపోతే విడి కాగితం మీద రాసి కుట్టేస్తాను.