శరణు కోరే హక్కు, శరణిచ్చే బాధ్యత – కైరో ప్రకటన 12వ అధికరణంపై ఒక విమర్శ

అంతర్జాతీయ శాసనంలో శరణార్థుల రక్షణను గురించి ముస్లిం రచయితలు రాసే గ్రంథాలలో, వ్యాసాలలో ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ముందుగా 1951 నాటి జెనీవా ఒడంబడికలోని అధికరణాలను ఒక్కొక్కటిగా పేర్కొంటారు. ఒక్కొక్క దాని పక్కన ఒక ఆయతును గాని, హదీసును గాని, ఫిఖ్హ్ గ్రంథంలోని ఒక మాటను గాని నిలుపుతారు. పాశ్చాత్యులు ఇరవయ్యో శతాబ్దంలో కనుగొన్న దానిని ఇస్లాం పద్నాలుగు శతాబ్దాల క్రితమే ప్రసాదించిందని చివర ముక్తాయిస్తారు. ఈ మాటలో సత్యం లేకపోలేదు. కాని సత్యంలో ఒక భాగాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం ఆత్మసంతృప్తికి దారి తీస్తుంది. ఇల్లు విడిచి వచ్చినవాడికి అందువల్ల కలిగే మేలు ఏమీ ఉండదు.

ఈ పద్ధతిని పరీక్షించడానికి వ్యక్తుల రచనల కన్నా, ముస్లిం ప్రభుత్వాలు కలిసి ఆమోదించిన ఒక పాఠాన్ని తీసుకోవడం న్యాయం. 1990 ఆగస్టు 5న ఇస్లామీయ దేశాల విదేశాంగ మంత్రుల సమావేశం కైరోలో వెలువరించిన "ఇస్లాంలో మానవ హక్కుల ప్రకటన" అట్టి పాఠం. 2020 నవంబరులో నియామీ సమావేశంలో ఆ ప్రకటన సవరించబడింది. అయినప్పటికీ, శరణు విషయంలో దివ్య ఖుర్ఆన్ పదజాలాన్ని నేటి శాసన భాషలోకి తేవడానికి జరిగిన యత్నంగా 1990 పాఠంలోని 12వ అధికరణం నేటికీ పరిశీలింపదగినదే.

మూడు పాఠాలు, మూడు క్రియలు

శాసనంలో బలమంతా క్రియాపదంలో ఉంటుంది. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన సార్వజనీన మానవ హక్కుల ప్రకటనలోని 14వ అధికరణం, హింసకు గురైనవాడికి ఇతర దేశాలలో శరణు కోరే హక్కు, దానిని అనుభవించే హక్కు ఉన్నాయంటుంది. చర్చకు వచ్చిన ముసాయిదాలో శరణు "పొందే" హక్కు కూడా ఉండేది. బ్రిటన్ ప్రతిపాదించిన సవరణతో ఆ పదం తొలగి, "అనుభవించే" అనే పదం వచ్చింది. ఫలితమేమంటే, తలుపు తట్టే హక్కు మనిషికి మిగిలింది. తలుపు తీయవలసిన బాధ్యత మాత్రం ఎవరి మీదా పడలేదు.

1951 జూలై 28న జెనీవాలో కుదిరిన ఒడంబడిక దీనికన్నా గట్టిది. అయినా అది కూడా శరణు ఇచ్చి తీరాలని అనలేదు. జాతి, మతం, జాతీయత, ఒక సాంఘిక వర్గానికి చెందడం, రాజకీయాభిప్రాయం – ఈ అయిదు కారణాలలో ఏ ఒక్కదాని వల్లనైనా హింస తప్పదని సహేతుకంగా భయపడేవాడు శరణార్థి అని నిర్వచించింది. అట్టివాడిని ప్రాణానికి గాని, స్వేచ్ఛకు గాని ముప్పు ఉన్న చోటుకు తిరిగి పంపరాదని 33వ అధికరణంలో శాసించింది. ఇది నిషేధం. పంపకు అని మాత్రమే చెబుతుంది. పైగా మొదట్లో ఈ ఒడంబడిక 1951 జనవరి 1కి ముందు జరిగిన సంఘటనలకే పరిమితం. దానిని ఐరోపా సంఘటనలకు మాత్రమే వర్తింపజేసుకొనే వెసులుబాటు కూడా రాజ్యాలకు ఉండేది. 1967 నాటి ప్రోటోకాల్ ఈ హద్దులను తొలగించింది.

కైరో ప్రకటన ఈ రెండింటినీ దాటి ఒక అడుగు ముందుకు వేసింది. హింసకు గురైనవాడికి మరో దేశంలో శరణు పొందే హక్కు ఉన్నదని చెప్పి ఆగలేదు. శరణు కోరబడిన దేశం అతనికి రక్షణ కల్పించవలసిందేనని బాధ్యతను ఆ దేశం భుజాల మీద పెట్టింది. ఈ ఒక్క వాక్యానికి ప్రకటన కర్తలను అభినందించవలసిందే.

అనువాదంలో జారిపోయినది

అయితే ఈ అధికరణం అరబీలో ఒక విధంగాను, ఆంగ్లంలో మరొక విధంగాను ఉంది. అరబీ పాఠంలో వాడిన మాటలు సూరె తౌబా 6వ ఆయతులోనివి. యుద్ధ ప్రకటన నడుస్తున్న రోజులలో కూడా, బహుదైవారాధకులలో ఎవడైనా శరణు కోరితే అతనికి శరణు ఇవ్వాలని, దైవవాక్కు వినే అవకాశం కల్పించాలని, ఆపైన అతన్ని సురక్షిత స్థానానికి చేర్చాలని ఆ ఆయతు భావం. ఇందులో ఆజ్ఞలు రెండు: శరణివ్వడం ఒకటి, చేర్చడం మరొకటి. కైరో ప్రకటన అరబీ పాఠం ఈ రెంటినీ నిలుపుకొంది. ఆశ్రయమిచ్చిన దేశమే అతన్ని అతని "మఅమన్‌"కు, అంటే నిర్భయంగా ఉండగల చోటుకు, చేర్చాలి. ఆంగ్ల పాఠానికి వచ్చేసరికి "అతనికి భద్రత కలిగే వరకు" అన్నట్టుగా మారింది. భద్రత ఎవరు కలిగించాలి? కర్త మాయమయ్యాడు. చేర్చవలసినవాడు కాస్తా చూస్తూ నిలబడేవాడయ్యాడు.

ఇది చిన్న సంగతి కాదు. 33వ అధికరణం ప్రమాదంలోకి పంపవద్దంటుంది. ఆయతు భద్రతలోకి చేర్చమంటుంది. తీరం దరిదాపులకు వచ్చిన పడవను నెట్టివేయడం మొదటి దానిని ఉల్లంఘించినట్టు అవుతుందా కాదా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. రెండవ దాని ముందు ఆ వాదానికి చోటే లేదు.

శరణు కోరడాన్ని ఆ ఆయతు చెప్పిన పదం "జార్" అన్న ధాతువు నుండి వచ్చింది. జార్ అంటే పొరుగువాడు. తెలుగులో ఇట్టివారికి రెండు మాటలున్నాయి. దేశ విభజన కాలం నుండి వార్తాపత్రికల వల్ల వ్యాప్తిలోకి వచ్చిన "కాందిశీకుడు" అన్న మాటకు, ఏ దిక్కుకు పోదును అంటూ పరుగెత్తేవాడని వ్యుత్పత్తి. "శరణార్థి" అంటే శరణు కోరేవాడు. మొదటి మాట అతని భయాన్ని చూపుతుంది, రెండవది అతని అభ్యర్థనను చూపుతుంది. అరబీ మాట ఇచ్చేవాడి వైపు తిరిగి, వచ్చినవాడు నీ పొరుగువాడయ్యాడని చెబుతుంది. పొరుగువాడికి ఉన్న హక్కులేమిటో ముస్లిం పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అమాన్, శరణు ఒకటేనా?

పోలిక గ్రంథాలలో కనిపించే మరో తొందరపాటు "అమాన్"ను నేటి శరణు హక్కుతో సమానం చేయడం. ఫిఖ్హ్ గ్రంథాలలో, ముఖ్యంగా ఇమాం ముహమ్మద్ షైబానీ "సియర్" సంప్రదాయంలో, అమాన్ అన్నది శత్రు దేశం నుండి వచ్చిన ముస్లిమేతరుడికి ఇచ్చే అభయం. దానిని పొందిన "ముస్తఅమిన్" చాలా సందర్భాలలో వర్తకుడు, లేదా దూత. పని ముగించుకొని స్వదేశానికి వెళ్ళిపోయేవాడు. కనుకనే అతని నివాసానికి ఫుఖహా గడువు పెట్టారు; హనఫీలు దానిని ఏడాదికి లోపుగా నిర్ణయించారు. ఇల్లు కాలిపోయి పారిపోయి వచ్చినవాడి పరిస్థితి వేరు.

అమాన్‌లో నేటి శాసనం ఎరుగని గొప్ప గుణం ఒకటి ఉంది. దానిని ఇచ్చే అధికారం పాలకుడికి మాత్రమే పరిమితం కాదు. మక్కా విజయం నాడు ఉమ్మె హానీ (రజి) తన అత్తింటివారిలో ఇద్దరికి అభయమిచ్చారు. ఆమె సోదరుడు హజ్రత్ అలీ (రజి) అంగీకరించకపోయినా, ఆమె ఇచ్చిన అభయాన్ని దైవప్రవక్త (స) తమ అభయంగానే స్వీకరించారు. ఒక గృహిణి మాట రాజ్యాన్ని బంధించింది. నేడు ఏ దేశంలోనైనా ఒక పౌరుడు తన ఇంట్లో పరాయివాడికి ఆశ్రయమిస్తే నేరమయ్యే అవకాశమే ఎక్కువ.

ఇక, ఒక ముస్లిం రాజ్యం నుండి మరో ముస్లిం రాజ్యానికి పారిపోయి వచ్చిన ముస్లిం సంగతి ఏమిటి? అతనికి ఫిఖ్హ్ గ్రంథాలలోని అమాన్ అధ్యాయంలో చోటు లేదు. అతన్ని సరిహద్దు దగ్గర నిలిపివేస్తారని ఫుఖహా ఊహించకపోవడమే ఇందుకు కారణం. దారుల్ ఇస్లాంలో అతను ఎక్కడా పరదేశి కాడు. నేడు అతనికి వీసా కావాలి, కార్డు కావాలి, గడువు కావాలి. పాత గ్రంథాల మౌనాన్ని నేటి సరిహద్దులకు అనుమతిగా చదవడం ఆ గ్రంథకర్తలకు అన్యాయం చేయడమే.

మినహాయింపులో ఉన్న ప్రమాదం

కైరో ప్రకటనలోని బలహీనత దాని చివరి ఉపవాక్యంలో ఉంది. షరీఅత్ దృష్టిలో నేరమైన పని చేసి శరణు కోరినవాడికి ఈ రక్షణ లేదని ఆ మాటల సారాంశం. నేరస్థుడిని మినహాయించడంలో తప్పు లేదు. 1951 ఒడంబడిక కూడా యుద్ధ నేరస్థులను, ఘోరమైన రాజకీయేతర నేరం చేసివచ్చిన వారిని మినహాయించింది. కాని ఏ నేరం, ఎంతటి నేరం, ఎవరు నిర్ణయించాలి అన్న ప్రశ్నలకు కైరో పాఠంలో సమాధానం లేదు. ఏ మజ్హబు ప్రకారం? ఏ న్యాయస్థానంలో? నిందితుడి మాట విన్న తరువాతనా, వినకముందేనా?

ఈ ప్రశ్నలకు జవాబు సీరత్‌లోనే ఉంది. క్రీ.శ. 615 ప్రాంతంలో మక్కా హింసను తాళలేక ముస్లింలు అబిసీనియాకు వలస వెళ్ళారు. వారిని వెనక్కి తేవడానికి ఖురైషీయులు అమ్ర్ బిన్ ఆస్‌ను, అబ్దుల్లా బిన్ అబీ రబీఆను కానుకలతో పంపారు. వీరు పూర్వుల మతాన్ని విడిచారు, రాజుగారి మతంలోనూ చేరలేదు, కొత్త మతం కల్పించారు అన్నది ఆ దూతల అభియోగం. అంటే అది మతపరమైన నేరారోపణే. దూతలతో ముందే మాట్లాడుకొన్న ఆస్థాన పెద్దలు అప్పగించమని సలహా ఇచ్చారు. క్రైస్తవ రాజైన నజాషీ అంగీకరించలేదు. వచ్చినవారి మాట వింటానన్నాడు. జఅఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) చెప్పిందంతా విన్నాడు, సూరె మర్యం నుండి ఆయన చేసిన పారాయణం విన్నాడు, కానుకలు తిప్పి పంపాడు.

ఈ ఘట్టాన్ని ఇస్లామీయ శరణు చట్టానికి ఉదాహరణగా చూపేవారు ఒక విషయం మరచిపోతారు. అక్కడ ముస్లింలు శరణు ఇచ్చినవారు కారు, పొందినవారు. మతాన్ని తారుమారు చేసినవాడికి శరణు లేదు అన్న ఉపవాక్యం నజాషీ శాసనంలో ఉండి ఉంటే జఅఫర్ (రజి) గతి ఏమయ్యేది? కైరో మినహాయింపును చదివే ప్రతి న్యాయవేత్త వేసుకోవలసిన ప్రశ్న ఇది. నజాషీ నుండి నేర్చుకోవలసింది విచారణ పద్ధతి. తరిమేవాడి అభియోగం, పారిపోయి వచ్చినవాడి మాటను వినకుండా చెవులు మూసుకోవడానికి సాకు కాకూడదు.

హుదైబియా: దాటవేయరాని ఘట్టం

పొగడ్తకు సరిపడే సంఘటనలను మాత్రమే ఎంచుకోవడం పండిత లక్షణం కాదు. హిజ్రీ 6వ సంవత్సరంలో (క్రీ.శ. 628) హుదైబియా ఒప్పందం ప్రకారం మక్కా నుండి ముస్లింలై వచ్చేవారిని తిప్పి పంపాలి. ఒప్పందం రాస్తూ ఉండగానే ఖురైషు ప్రతినిధి సుహైల్ కుమారుడు అబూ జందల్ (రజి) సంకెళ్ళతో వచ్చి పడ్డారు. ఆయనను మినహాయించమని దైవప్రవక్త (స) కోరారు. తండ్రి ఒప్పుకోలేదు. సహాబాల గుండెలు మండుతుండగా ఆయన వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

ఈ ఘట్టాన్ని చూపి, ఒప్పందం ఉంటే శరణార్థిని అప్పగించవచ్చునని వాదించేవారు లేకపోలేదు. వారు తరువాతి కథను కూడా చదవాలి. స్త్రీలు వలస వచ్చినప్పుడు, విశ్వాసులని తేలితే వారిని తిప్పి పంపవద్దని సూరె ముమ్తహినా ఆదేశించింది. ఒప్పందం మాటలు పురుషులకే వర్తిస్తాయన్నది పండితులలో ఒక అభిప్రాయం. అంటే ప్రమాదకరమైన నిబంధనను ఎంత ఇరుకుగా చదవవచ్చునో అంత ఇరుకుగా చదవడం జరిగింది. ఆపైన అబూ బసీర్ (రజి) మొదలైనవారు మదీనాకు బయట సముద్ర తీరాన స్థావరం ఏర్పరచుకొనగా, ఆ నిబంధనను పట్టుబట్టి రాయించుకొన్న ఖురైషీయులే వారిని మదీనాకు పిలిపించుకోండని వేడుకొన్నారు. హుదైబియాలో మాట నిలబెట్టుకోవడం ఆదర్శం. అప్పగింత ఆదర్శమన్న అర్థం ఆ ఘట్టం నుండి తీయలేము.

ఆచరణలో

పేద ముస్లిం దేశాలు ఎందరికి ఆశ్రయమిచ్చాయో విమర్శకుడు మరువరాదు. 1980 దశకంలో పాకిస్తాన్ 30 లక్షలకు పైగా ఆఫ్ఘన్లను భరించింది. ఐరోపా శరణార్థులకే ఒడంబడికను పరిమితం చేసుకొన్న తుర్కియే 30 లక్షలకు మించిన సిరియన్లకు ఏళ్ళ తరబడి చోటిచ్చింది. 2017 ఆగస్టు నుండి కొద్ది నెలలలో బర్మా నుండి వచ్చిన 7 లక్షలకు పైగా రోహింగ్యాలను బంగ్లాదేశ్ కాక్స్ బజారు ప్రాంతంలో నిలుపుకొంది. సంపన్న దేశాలు వీరి ముందు తల వంచుకోవాలి.

కాని పాకిస్తాన్, బంగ్లాదేశ్, జోర్డాన్, లెబనాన్ 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. బంగ్లాదేశ్ అధికార పత్రాలలో రోహింగ్యాలు శరణార్థులు కారు. "బలవంతంగా నిర్వాసితులైన మయన్మార్ జాతీయులు". పేరు మారితే హక్కు మారుతుంది. 2023 అక్టోబరులో పాకిస్తాన్ పత్రాలు లేని విదేశీయులు వెళ్ళిపోవాలని ఆదేశించగా, ఆ దేశంలోనే పుట్టి పెరిగినవారితో సహా లక్షలాది ఆఫ్ఘన్లు సరిహద్దు దాటవలసి వచ్చింది. దయ మీద నిలిచిన ఆశ్రయం పాలకుడి మనసు మారిన నాడు కూలిపోతుంది. కైరో ప్రకటన సభ్య దేశాలను బంధించే ఒడంబడిక కాదు; దాని కింద ఫిర్యాదు వినే న్యాయస్థానం లేదు. 1969లో ఆఫ్రికా దేశాలు పరాయి ఆక్రమణ, అంతఃకల్లోలాల వల్ల పారిపోయిన వారిని కూడా శరణార్థులుగా గుర్తిస్తూ కట్టుబడి ఉండవలసిన ఒడంబడికనే చేసుకొన్నాయి. ఇస్లామీయ దేశాల సంస్థ ఆ పని ఎందుకు చేయలేదు?

భారతదేశం కూడా 1951 ఒడంబడికలో లేదు. ఇక్కడ రక్షణ రాజ్యాంగం 21వ అధికరణం నుండి వస్తుంది. 1996లో చక్మాల విషయంలో సుప్రీం కోర్టు, 1998లో ఇద్దరు ఇరాకీల విషయంలో గుజరాత్ హైకోర్టు ఆ దారిన నడిచాయి. 2021లో జమ్మూలోని రోహింగ్యాలను పంపివేయడాన్ని ఆపడానికి సుప్రీం కోర్టు నిరాకరించింది. హైదరాబాదులో బాలాపూర్ ప్రాంతపు గుడిసెలలో బతుకుతున్న రోహింగ్యా కుటుంబాలకు ఈ తీర్పుల మధ్య దూరం శాస్త్ర చర్చ కాదు.

ముస్లిం అంతర్జాతీయ శాసనాన్ని ఆధునిక ప్రపంచానికి పరిచయం చేసిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఈ హైదరాబాదు వారే. 1948 తరువాత ఆయన తిరిగి రాలేదు. మరే దేశపు పౌరసత్వమూ స్వీకరించక దశాబ్దాల పాటు పారిస్‌లో శరణార్థిగానే జీవించారు. సియర్ గ్రంథాలను వెలుగులోకి తెచ్చిన చేతులలో ఉన్నది ఒక పరాయి దేశం ఇచ్చిన శరణు పత్రం.

ఇస్లాం ముందే చెప్పింది అన్నది నిజమే. ముందే చెప్పబడినవారి బాధ్యత ముందే మొదలైందన్నది కూడా అంతే నిజం. 12వ అధికరణం అరబీ పాఠంలోని "చేర్చాలి" అన్న క్రియ ఇంకా కర్త కోసం ఎదురు చూస్తున్నది.