రోడ్డు మీద నాట్లు, తెర మీద ముచ్చట్లు

ప్రతి వానాకాలం ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఏదో ఒక ఊరి రోడ్డు గుంతలమయమై బురద నిలుస్తుంది. అర్జీలు పెట్టి పెట్టి విసిగిన జనం నారు కట్టలు తెచ్చి ఆ బురదలో నాట్లు వేస్తారు. మర్నాడు జిల్లా పేజీలో 'రోడ్డుపై వరినాట్లతో వినూత్న నిరసన' అని ఓ మూల పడుతుంది. ఎన్నేళ్లుగా ఎన్ని ఊళ్లలో వేసినా ఆ నాట్లు మన విలేకరులకు వినూత్నంగానే ఉంటాయి!

అదే దృశ్యం రాత్రి పూట తెలంగాణ యాసలో వచ్చే ముచ్చట వార్తల్లో పడితే ధోరణి మారిపోతుంది. "ఇగో సూడుండ్రి, గీ ఊరోళ్లకు సర్కారు మీద ఎంత పావురమో! పొలానికి నీళ్లియ్యకపోతేంది, రోడ్డు మీదికే ఇచ్చిండ్రని నారు తెచ్చి నాటేసుకుంటున్రు. ఇంజినీరు సారూ, పంట మంచిగనే ఉంది గానీ, కోతకు మిషను నువ్వు పంపుతవా, మమ్ములనే కొయ్యమంటవా?" ఆ వెంటనే ఏదో పాత సినిమాలోని పొలం పాట రెండు ముక్కలు. నిమిషం లోపే అయిపోతుంది.

సమాచారం చూస్తే రెండింట్లో ఒకటే. నిజానికి పత్రికలోనే ఎక్కువ ఉంటుంది: మండలం పేరు, సర్పంచి మాట, అధికారి వివరణ. అయినా మర్నాడు హోటల్ దగ్గర జనం చెప్పుకుని నవ్వేది రెండోదాన్నే. అది ఊరికే వచ్చిన నవ్వు కాదు, దాని వెనక పనితనం ఉంది.

మొదటి పని, ఫిర్యాదును మెప్పుగా తిప్పడం. మన ఆలంకారికులు దీన్ని వ్యాజస్తుతి కింద చెప్పారు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర దేవుణ్ని దులిపేసింది ఈ దారిలోనే. ఆయనది తిట్టులో దాచిన పొగడ్త, వీళ్లది పొగడ్తలో దాచిన తిట్టు. రెండో పని, అధికారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడటం. 'సదరు అధికారిని వివరణ కోరగా' అన్నామంటే ఆయన ఎక్కడో ఆఫీసులో ఉండిపోతాడు. 'సారూ' అని పిలిస్తే రచ్చబండ దగ్గరికి రాక తప్పదు. ఇక మూడోది ఎడిటర్ పని. పాట ముక్క మాటకు ముందొస్తే గుట్టు బయటపడుతుంది, ఆలస్యమైతే నవ్వు చల్లారుతుంది. సరిగ్గా ప్రశ్న ముగిసిన చోట పడాలి. చూసేవాళ్లకు ఇదంతా అల్లరిగా కనిపిస్తుంది గానీ, దాని వెనక గదిలో కూర్చున్నవాళ్లకు తాళజ్ఞానం లేకపోతే కుదరదు.

ఈ తరహా వార్తలకు ఊపు తెచ్చింది 2012లో మొదలైన వీ6 చానల్. పెళ్లి బరాతుల్లోనూ గణేశ్ నిమజ్జనాల్లోనూ హైదరాబాద్ కుర్రకారు ఊగిపోయే దరువు పేరే కార్యక్రమానికి పెట్టి 'తీన్మార్ వార్తలు' అన్నారు. దాంతో పేరు తెచ్చుకున్న చింతపండు నవీన్ కుమార్‌కు తీన్మార్ మల్లన్న అన్నదే అసలు పేరైపోయింది. 2024లో ఆయన శాసనమండలికి ఎన్నికైనప్పుడు కూడా జనం నోట ఆ పేరే. తర్వాత సావిత్రిగా శివజ్యోతి, బిత్తిరి సత్తిగా చేవెళ్ల రవి ఇంటింటివాళ్లయ్యారు. మిగతా చానళ్లు ఊరుకుంటాయా? సత్తే వీ6 వదిలి టీవీ9లో 'ఇస్మార్ట్ న్యూస్', ఆపైన సాక్షి టీవీలో 'గరం గరం వార్తలు' చేశాడు. ఒకప్పుడు రాత్రి వార్తలంటే ముఖం ముడుచుకుని చూసే ఇళ్లలో పిల్లలు కూడా వార్తల వేళకు టీవీ ముందు చేరారు.

సావిత్రి, సత్తి జోడీని కాస్త దగ్గరగా చూడాలి. ఆమె బల్ల దగ్గర కుదురుగా కూర్చుని వార్త చెబుతుంది. అతను ఊరి నుంచి అప్పుడే బస్సు దిగినవాడిలా వచ్చి, సగం విని సగం వినక అడ్డం పడతాడు. ధర పెరిగిందని ఆమె అంటే, పెరగనియ్యి అక్కా, మనమేమన్న కొంటున్నమా అన్న ధోరణిలో అతని జవాబు. ఆమె విసుక్కుంటుంది గానీ పగలబడి నవ్వదు. అక్కడే కిటుకు ఉంది. అడిగే మనిషి కూడా నవ్వేస్తే తిక్క మాట తేలిపోతుంది. ఆమె గంభీరంగా ఉన్నంతసేపే అతని అమాయకత్వానికి బలం.

ఇదేమీ టీవీలో పుట్టిన విద్య కాదు. బుర్రకథలో నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెట్లతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యానికి, ఒక వంత రాజకీయానికి. పల్నాటి యుద్ధం కథ నడుస్తుండగానే బియ్యం ధర గురించో పన్నుల గురించో ఒక వంత మాట విసురుతాడు, రెండోవాడు వెటకారం అందుకుంటాడు, కథకుడు ఇద్దర్నీ అదలించి మళ్లీ కథలోకి లాక్కొస్తాడు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ పద్ధతిని ఊరూరా తిప్పింది. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ అందులోంచి వచ్చినవాడే. సావిత్రిని కథకుడి చోట, సత్తిని హాస్యపు వంత చోట నిలబెట్టి చూడండి, అతుకు కనపడదు.

అంతకన్నా దగ్గరి చుట్టం ఇంకొకడున్నాడు, పిట్టల దొర. తుపాకి రాముడనీ, లత్కోర్ సాబ్ అనీ కూడా అంటారు. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ. ఊళ్లోకి వస్తూనే తన ఆస్తిపాస్తులు ఏకరువు పెడతాడు. ముగ్గురు చెల్లెళ్లకు పెళ్లి చేస్తే నలుగురు బావలొచ్చారనో, చెరువును ఎండలో ఆరబెట్టి మడత పెట్టాననో, ఇలాంటి వరసలో ఊపిరి తీసుకోకుండా సాగుతుంది. మధ్యలో నాలుగు ముక్కలు ఇంగ్లీషులాంటిది. ఆ కోతల నడుమ ఊరి పెద్దకు, పోలీసు పటేలుకు, పట్నం నుంచి వచ్చే అధికారికి తలా ఒక చురక. ఎవరూ కోపగించడానికి లేదు, అతను చెప్పింది అబద్ధమని తనే ఒప్పుకుంటున్నాడు మరి! అబద్ధం చాటున నిజం చెప్పి బతికి బయటపడటం ఈ వేషం గుట్టు. 2019లో వచ్చిన 'తుపాకి రాముడు' సినిమాకు బిత్తిరి సత్తిని కథానాయకుడిగా పెట్టుకోవడం యాదృచ్ఛికం కాదనే నా నమ్మకం.

వార్తల వరస పేర్చడం కూడా ఒక విద్యే. ముందు రాజకీయం, తర్వాత నీళ్లూ రోడ్లూ పింఛన్లూ, ఆ వెనక సర్కారు బడి గోడ దూకిన కోతుల మంద, తప్పిపోయిన మేకపోతు పంచాయితీ, చివర జాతరో బోనాలో. ఎక్కడో ఒక చోట చావు వార్త వస్తుంది. అక్కడ వెటకారం బందు. పాట ముక్కలుండవు, గొంతు తగ్గుతుంది. తెలిసినవాళ్లు దాని వెంటనే కోతుల్ని తీసుకురారు, నడుమ ఓ ధరల వార్తో కరెంటు కోతో పెట్టి అప్పుడు నవ్వు దగ్గరికి వెళతారు. ఈ పట్టింపు లేని చానళ్లలో రైతు ఆత్మహత్య పక్కనే కుక్కపిల్ల పుట్టినరోజు చూసి చిరాకుపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

దీని విలువ నవ్వు దగ్గరే ఆగిపోతే ఇంత చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు తాపీ ధర్మారావు 'జనవాణి'లో వార్తలను జనం మాట్లాడే తెలుగులో రాస్తే అదొక సాహసం. ఆ వ్యావహారికం గెలిచింది గానీ, గెలిచినది ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల మాట. తెలంగాణ యాస తెర మీద చాలాకాలం విలనుకో కమెడియన్‌కో దక్కింది; 1985 నాటి 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు కాశయ్య గుర్తున్నాడు కదా. అలాంటి మాట వార్తలు చదివే కుర్చీ ఎక్కింది. ఇప్పుడు కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సభల సంగతి సరే గానీ, ఆ యాసలో మాట్లాడటానికి పట్నంలో జంకే పిల్లల బెరుకు పోగొట్టడంలో ఈ ముచ్చట వార్తల పాత్ర సభలకన్నా పెద్దదని నా లెక్క.

తప్పులూ ఉన్నాయి. వాటిని నవ్వుతో కప్పేయకూడదు. పాలమూరు మాట, ఆదిలాబాద్ మాట, ఓరుగల్లు మాట ఒకటి కావు. ముచ్చట వార్తల పుణ్యమా అని అన్నీ కలిసి ఒకే అచ్చులో పడుతున్నాయి. ప్రతి పదం ముందూ ఒక 'గ' తగిలిస్తే యాస అయిపోతుందనుకునే రాతగాళ్లు తయారయ్యారు. లావుగా ఉన్న మనిషి, నత్తిగా మాట్లాడే మనిషి, మొగుణ్ని కొట్టిన పెళ్లాం, వీళ్ల మీద వేసే జోకులు పిట్టల దొర వేసేవి కావు. అతని తుపాకీ ఎప్పుడూ పైనున్నవాడి వైపే గురిపెట్టి ఉండేది. చేతబడి అనుమానంతో ఒక ముసలమ్మను కట్టేసిన సంగతి వింత వార్త కాదు, నేరం. దానికి పాట ముక్క జోడించిన రోజున ఆ కార్యక్రమానికీ పుకారుకూ తేడా ఉండదు. చానల్ యజమానికి ఇష్టమైన పార్టీ వైపు వెటకారం తిరగకపోవడం మరో జబ్బు. జనం దాన్ని చాలా తొందరగా పసిగడతారు.

టీవీ ముచ్చట్లకు యూట్యూబ్ ఉంది, ఎక్కడికీ పోవు. పిట్టల దొరలు మాత్రం అరుదైపోయారు. మీ ఊరి సంతలోనో జాతరలోనో కట్టె తుపాకీ పట్టుకున్న మనిషి ఎదురైతే, అడిగి, ఒప్పుకుంటే, ఆ మాటల వరసను మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు జేబులోంచి పైసలు తీసి ఇవ్వడం మరచిపోకండి.