చదువు ఇచ్చిందేమిటి, ఇవ్వనిదేమిటి: 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' విమర్శనాత్మక పరిశీలన

ఉన్నత విద్య మనిషి సామాజిక హోదాను మారుస్తుందని తరచుగా వింటుంటాం. డా. బి.ఆర్. అంబేద్కర్ ఆత్మకథాత్మక రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఈ అభిప్రాయాన్ని పరీక్షకు నిలబెడుతుంది. 1930ల మధ్యకాలంలో ఇంగ్లీషులో రాసిన ఈ చిన్న రచన ఆయన మరణానంతరం, 1990లో పుస్తకంగా వెలువడింది. ఇందులోని ఆరు భాగాల్లో మొదటి నాలుగు ఆయన స్వానుభవాలు. చివరి రెండు ఇతరుల అనుభవాలు.

విద్యార్థులకు రెండో భాగం ముఖ్యమైనది. బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, అదే సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో తలదాచుకున్నారు. పదకొండో రోజున కొందరు కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. హిందూ మిత్రుడొకరు, క్రైస్తవ మిత్రుడొకరు కూడా ఆశ్రయం ఇవ్వలేకపోయారు. చివరకు ఒక తోటలో గంటల తరబడి కూర్చొని, రాత్రి బొంబాయి రైలెక్కారు.

రచయిత చెప్పిన విషయాలతో పాటు చెప్పకుండా వదిలిన వాటిని కూడా గమనించండి. కొలంబియా తరగతి గదుల గురించి, ఆచార్యుల గురించి వర్ణన లేదు. విదేశాల్లో గడిపిన ఐదేళ్లు తాను అంటరానివాడినన్న స్పృహను తన మనసులోంచి తుడిచివేశాయని మాత్రం అంటారు. విశ్వవిద్యాలయం తుడిచిన ఆ స్పృహను ఒక అద్దె గది తిరిగి మేల్కొలిపింది. అంటే చదువు వ్యక్తిని మార్చింది కాని, అతనికి తలుపు తీయవలసిన సమాజాన్ని మార్చలేదు.

ఈ రచనలో పరిష్కారం సూచించలేదన్న విమర్శ రావచ్చు. అయితే సంఘటనల కూర్పులోనే ఒక వాదన ఉంది. బరోడాలో వెళ్లగొట్టినవారు పార్సీలు. 1934లో దౌలతాబాద్ కోట వద్ద నీళ్లు ముట్టుకున్నందుకు ఆగ్రహించినవారు ముస్లింలు. అంటరానితనం ఒక మతం గీతలోపలే ఆగిపోదని రచయిత ఈ సంఘటనల చివర నేరుగానే చెబుతారు. ఈ కథనంలో ఆవేశం లేదు. ఇదే ఈ రచన బలం.

ఈ ప్రశ్న గతానికే పరిమితం కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వసతిగృహం నుంచి బహిష్కరణకు గురైన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ప్రాంగణంలోనే 'వెలివాడ' పేరుతో శిబిరం వేసుకున్నారు. వారిలో ఒకరైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మరణించారు. ఆ సందర్భం వేరు, కాలం వేరు. అయినా చదువుకొనే చోట తలదాచుకొనే గది ఎవరికి దక్కుతుంది, ఎవరికి దక్కదు అన్న ప్రశ్న మాత్రం బరోడా నాటిదే. ప్రవేశం కల్పించడంతోనే విశ్వవిద్యాలయం బాధ్యత తీరదని దీని నుంచి గ్రహించాలి.

ఆలోచించండి: మీ ఊళ్లో, మీ అధ్యయన కేంద్రంలో, మీరు పనిచేసే చోట పట్టా తెరిచిన తలుపులు ఏవి? పట్టా ఉన్నా తెరుచుకోనివి ఏవి? సొంత ఉదాహరణలతో పది వాక్యాల్లో రాయండి.