పాత పెట్టెలో కొత్త బలము

పోర్షె 911 జాతి పాత కార్లను పునరుద్ధరించువారిలో ఒక పద్ధతి బాగా ప్రబలినది. కారుతో పాటు పుట్టిన క్రాంకుకేసును, అనగా ఇంజను భాగములన్నిటిని తనలో మోసెడి లోహపు పెట్టెను, అట్లే ఉంచుకొందురు. దానిలో పెద్ద పిస్టనులు, కొత్త కామ్‌షాఫ్టులు అమర్చి మునుపటికంటె ఎన్నో రెట్లు చురుకైన ఇంజనును తయారుచేయుదురు. పెట్టెపై కర్మాగారము కొట్టిన అంకె చెక్కుచెదరదు గనుక "అసలు ఇంజనే" అని చెప్పుకొనవచ్చును; బలము కూడ దక్కినది. ఒకే దెబ్బకు రెండు పిట్టలు. కాని ఈ లెక్కలో పెట్టె ఏ లోహముతో చేసినదో ఆలోచించినవారు తక్కువ.

911 కారును జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో 1963 లో మొదట చూపినారు. హాన్స్ మెట్స్‌గర్ పేరుతో ముడిపడిన దాని ఇంజనులో ఆరు సిలిండర్లు, ఒక్కొక్క వైపున మూడేసి చొప్పున, అడ్డముగా పడుకొని ఉండును. గాలితోను, నూనెతోను చల్లబడును. సిలిండరు వ్యాసము 80 మిల్లీమీటర్లు, పిస్టను నడక 66 మిల్లీమీటర్లు. మొత్తము 1991 ఘన సెంటీమీటర్లు, 130 అశ్వశక్తి. తొలి పెట్టెలు అల్యూమినియముతో పోసినవి. 1968 లో మెగ్నీషియము మిశ్రలోహమునకు మారినారు. అల్యూమినియము సాంద్రత 2.7, మెగ్నీషియము సాంద్రత 1.74. ఇంజను కారు వెనుక చక్రములకును వెనుకగా వ్రేలాడుచుండును గనుక అక్కడ తగ్గిన ప్రతి కిలో బరువును మేలే. ఆనాటి ఇంజనుకు ఆ నిర్ణయము తప్పు కాదు.

చిక్కు తరువాత వచ్చినది. అదే పెట్టెలో సిలిండరు వ్యాసము 84కు, 1973 నాటి కరేరా ఆర్.ఎస్. నమూనాలో 90కి పెరిగినది. పెరిగినది పది మిల్లీమీటర్లే గదా అని అనిపించును. మండిన వాయువు ఒక చదరపు సెంటీమీటరుపై 70 కిలోల బరువుతో ఒత్తుచున్నదనుకొందము. 80 మి.మీ. సిలిండరులో తలను పైకి నెట్టు బలము సుమారు 3500 కిలోలు, 90 మి.మీ. సిలిండరులో సుమారు 4450 కిలోలు. ఈ తలను పట్టి ఉంచునవి నాలుగు ఉక్కు స్టడ్డులు. వాటి క్రింది కొసలు పెట్టెలో కోసిన మరలలోనికి బిగిసి ఉన్నవి. స్టడ్డు ఉక్కు, మర మెగ్నీషియము. మెత్తని బూరుగు చెక్కలో ఇనుప మరమేకు బిగించినట్లన్న మాట.

వేడి దీనిని ఇంకను పెంచును. అల్యూమినియము వ్యాకోచము ఉక్కు వ్యాకోచమునకు దాదాపు రెండింతలు. నూరు మిల్లీమీటర్ల పొడవు గల సిలిండరు 150 డిగ్రీలు వేడెక్కినచో మిల్లీమీటరులో మూడవ వంతు పెరుగును. అంత పొడవు గల ఉక్కు అందులో సగమే పెరుగును. మిగిలిన సగము స్టడ్డును లాగును, స్టడ్డు మరను లాగును. మన బండి చక్రమునకు కమ్మరి ఇనుప పట్టాను కాల్చి తొడిగి నీళ్లు పోయును. చల్లారి ముడుచుకొన్న పట్టా చెక్కను నొక్కి పట్టును. ఇక్కడ జరుగునది దానికి తలక్రిందు: వేడెక్కినకొద్ది బిగువు హెచ్చును. మెగ్నీషియము మిశ్రలోహములలో చాలవాటికి మరియొక బలహీనత కలదు. వేడిలో, ఎడతెగని బరువు క్రింద అవి మెల్లమెల్లగా సాగిపోవును. ఒకనాడు మర ఊడి స్టడ్డు చేతికి వచ్చును. తల వదులై వాయువు కారును. 1970ల నడుమ అమెరికాలో అమ్మిన 2.7 లీటర్ల కార్లలో ఇది తరచుగా జరిగినది.

ఆ కార్ల అపకీర్తినంతటిని మెగ్నీషియముపై మోపుట న్యాయము కాదు. పొగ నియమముల కొరకు వాటి ఎగ్జాస్టుకు థర్మల్ రియాక్టర్లు తగిలించి ఇంజనును ఉడికించినారు. కొన్నిటిలో పదకొండు రెక్కల పంకాకు బదులు అయిదు రెక్కల పంకా పెట్టినారు. అదే లోహపు పెట్టెతో 2.8 లీటర్ల ఆర్.ఎస్.ఆర్. కారు 1973 లో డేటోనా 24 గంటల పందెము గెలిచినది. పునరుద్ధరించువారు ఈ విజయమునే సాక్ష్యముగా చూపుదురు. కాని పందెపు ఇంజనును పందెము కాగానే విప్పి చూచుట ఆచారము. సొంతకారు యజమాని పదేండ్ల వరకు విప్పదలచుకొనడు. ఈ రెండింటికి ఒకే కొలత పనికిరాదు. పైగా మూడు లీటర్లకు పోదలచినప్పుడు పోర్షె వారే అల్యూమినియమునకు తిరిగి వచ్చినారు. 1978 నాటి 911 ఎస్.సి. ఆ పెట్టెతోనే వెలువడినది.

మంచి పనివాడు దీనికి తగిన చికిత్సలు చేయును. స్టడ్డు రంధ్రములలో ఉక్కు మరల తొడుగులు దింపును. క్రాంకు బేరింగుల రంధ్రములు వంగి ఉన్నచో ఒకే వరుసలో తిరిగి కోయును. ఇవి అవసరమైన పనులు, మెచ్చదగినవి. తొడుగు వద్ద తేమ చేరినచో ఉక్కు పక్కనున్న మెగ్నీషియము తినివేయబడునని కూడ అతడు మరువరాదు. అసలు ఆక్షేపణ 90 మి.మీ. సిలిండరు కొరకు చేసెడి కోతపైన. సిలిండరు అడుగు దిగెడి రంధ్రమును 92 నుండి 97 మిల్లీమీటర్లకు పెద్దది చేయవలెను. తీసివేసిన లోహము సరిగా స్టడ్డు మరల పక్కనున్నది. బరువు పెంచుచున్న చోటనే ఊతము తగ్గించుట! కోసిన లోహమును తిరిగి అతికించుట కుదరదు.

దానికి ఫలమేమి? 84 మి.మీ. సిలిండర్లతో, 70.4 మి.మీ. నడకతో కర్మాగారము 1972 లో ఇచ్చిన 2.4 ఎస్. ఇంజను 190 అశ్వశక్తి. 90 మి.మీ. ఆర్.ఎస్. ఇంజను 210. తేడా ఇరువది. టార్కు 22 కిలోగ్రాము మీటర్ల నుండి 26కు పెరిగిన మాట నిజమే. ఎక్కుడు దారిలో ఆ తేడా తెలియును. అయినను అంకె కొట్టిన పెట్టెకు 2.4 ఎస్. కొలతలే తగినవి. వాటికి ఆ కోతతో పనిలేదు.

మూడు వందల అశ్వశక్తి కావలెనన్నవానికి ఎస్.సి. నాటి అల్యూమినియము పెట్టె ఉన్నది. దానిని కొని కారులో బిగించి, అసలు పెట్టెను నూనె పూసి అటకపై పెట్టుకొనవచ్చును. పెట్టునప్పుడు రెండు చిప్పలను విడదీయరాదు. క్రాంకు బేరింగుల రంధ్రములు ఆ రెండింటిని కలిపి బిగించి కోసినవి. ఒకటి పోయినచో రెండవది తూకపు లోహమే.