ఆవాల చుట్టం అన్నిటికీ జవాబిస్తుందా?

కరువును తట్టుకునే జన్యువు దొరికిందన్న వార్తలు మీరు చదివే ఉంటారు. ఏ మొక్కలో దొరికిందో గమనించారా? ఆ పేరు తరచు చివరి పేరాలో దాక్కుంటుంది: అరబిడాప్సిస్. ఆవాల కుటుంబానికి చెందిన జానెడు కలుపు మొక్క. ఆరు వారాల్లో విత్తనం నుంచి విత్తనానికి వస్తుంది. క్రోమోజోములు 5 జతలే. 2000లో దాని జన్యుక్రమం దాదాపు మొత్తం చదివేశారు. ప్రయోగశాలకు ఇంతకన్నా ఏం కావాలి! ఇథిలీన్ వాయువును మొక్క పసిగట్టే గ్రాహకం జన్యువు 1993లో దొరికిందీ దీనిలోనే.

అయితే వేరుశనగ వేళ్లకుండే బుడిపెలు దీనికి లేవు. చాలా పైర్లకు భాస్వరం అందించే వేరు శిలీంధ్రాలతోనూ దీనికి పొత్తు కుదరదు. ఆ సంగతులు దీన్ని అడిగి లాభమేమిటి?

ముంపునే తీసుకోండి. రెండు వారాలు నీట మునిగినా వరిని బతికించే సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. మునిగిన పైరు పొడవు సాగకుండా ఆపి, నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని అది ఆదా చేస్తుంది. దొరికింది అరబిడాప్సిస్‌లో కాదు, ఒడిశా నాటు వరిలో. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో రూపొందిన స్వర్ణ రకంలోకి సంకరం ద్వారా దాన్ని చేర్చారు. స్వర్ణ-సబ్1 2009లో రైతుల చేతికి వచ్చింది.