సమ్మె సాహిత్యంలో సంఘీభావం

"పైకెగిరేటోళ్ల సమ్మె కిందికి దిగేటోళ్లకెందుకు సార్?" అని గోదావరిఖనిలో వొక విద్యార్థి నన్నడిగాడు. అతని తండ్రి బాయిలో పని చేస్తాడు. కార్మిక నవల గురించి పాఠం చెబుతూ నేను విమాన పైలట్ల సమ్మె ప్రస్తావన తెచ్చాను. లక్షల జీతగాళ్ల తగాదాకు సంఘీభావమనే పెద్దమాట తగదని అతని వాదం. ఈ ప్రశ్న సాహిత్యానికి బయటిదిగా కనిపిస్తుంది. కాని సమ్మెను చిత్రించే రచనను ఏ కొలతతో కొలవాలన్న సమస్య అంతా అందులోనే వున్నది.

మన విమర్శకులు సాధారణంగా రెండు కొలతలు వాడుతున్నారు. ఆకలిని ఎంత తీవ్రంగా చిత్రించాడు? తిరుగుబాటును ఎంత ఉధృతంగా చూపాడు? రెండూ అవసరమే, కాని చాలవు. యజమాని కార్మికుల మధ్య ఏ చీలిక తెచ్చి గెలుస్తాడో, ఆ చీలికను దాటడానికి ఎవరేమి వదులుకున్నారో చూపని రచన సమ్మెకు ఛాయాచిత్రం మాత్రమే అవుతుంది.

ఎమిలీ జోలా 1885లో ప్రచురించిన 'జెర్మినల్' నవల ఈ మూడవ కొలతకు నిలుస్తుంది. మొదటి ప్రకరణంలోనే బొన్మోర్ అనే ముసలి గనికార్మికుడు కనిపిస్తాడు. ఎనిమిదేళ్లు నిండకముందే గనిలో దిగినవాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్లు. ఉమ్మితే బొగ్గు పడుతుంది. అయినా పని మానడు. ఇప్పుడు మానితే పెన్షను 150 ఫ్రాంకులు, అరవై నిండాక మానితే 180. ఆ ముప్పై ఫ్రాంకుల ఆశే అతనికి సంకెల. ఇక కంపెనీ జీతం తగ్గిస్తున్నానని నోటితో అనదు. గనిలో కలప నిలబెట్టే పనికి వేరే కూలి ఇస్తానంటుంది, టబ్బు రేటు తగ్గిస్తుంది. మన టింబర్‌మన్ ఎవడైనా ఈ మాయలెక్కను ఇట్టే పట్టేస్తాడు. సమ్మెలో షవాల్ అనేవాడు చిన్న పదవి ఆశ చూపగానే లొంగిపోతాడు. గుంపును జోలా వొక్కొక్కచోట మృగంలా చూపిన మాట నిజమే; అది అతని దృక్పథంలోని లోపం. కాని కోత ఎలా వస్తుందో, చీలిక ఎంతకు అమ్ముడుపోతుందో అతనికి బాగా తెలుసు.

సరిగ్గా వందేళ్లకు, 1985లో, ఇదే లెక్క ఆకాశంలో తేలింది. అమెరికాలోని యునైటెడ్ విమాన సంస్థ కొత్తగా చేరే పైలట్లకు తక్కువ జీతాల స్కేలు పెట్టదలచింది. దీనిమీద పైలట్లు 29 రోజులు సమ్మె చేశారు. సంస్థ శిక్షణ ఇచ్చి సిద్ధం చేసుకున్న 570 మంది కొత్తవారు తమ ఉద్యోగాలను పణంగా పెట్టి సమ్మె పక్షాన నిలిచారు. పైలట్లది మచ్చలేని చరిత్రేమీ కాదు. 1981లో పదకొండు వేలకు పైగా విమాన రాకపోకల నియంత్రకులను ప్రభుత్వం తొలగించినప్పుడు వారు విమానాలు నడుపుతూనే వున్నారు. 2005లో దివాలా కోర్టు అనుమతితో యునైటెడ్ తన పెన్షను పథకాల భారం దించుకున్నది. హోదా ఎంత ఎత్తున వున్నా కోతకు అందకుండా పోదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. 2011 సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైగా పని ఆపారు. ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు వారితోపాటు నిలిచారు. ఆ ఐక్యత మన కళ్లముందు జరిగింది. కాని 1998 నాటి బొగ్గుగని పెన్షను పథకం ముప్పైయేళ్లు పని చేసినవానికి సగటు వేతనంలో 25 శాతం నిర్ణయించి, కరువుభత్యం జోడించకుండా వదిలింది. ధర పెరిగినప్పుడల్లా అది ఎవరి సంతకమూ అక్కరలేని కోత. దిగిపోయినవాని చేతిలో సమ్మె ఆయుధం వుండదు. పనిలో వున్నవాడే అతని తరపున పట్టాలి. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు వేతనాల కోసం సమ్మె చేశారు. వారి పక్కన పర్మనెంటు కార్మికుడు ఎంతదూరం నడవాలన్నదే నేటి అసలు ఇతివృత్తం.

అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితలు బొగ్గుబాయి జీవితాన్ని తెలుగు సాహిత్యంలోకి తెచ్చారు. ఆ రుణం మరువరానిది. అయితే నేను చదివినంతలో పెన్షను లెక్క చూసుకునే ముసలి కార్మికుడు, వొకే పనికి రెండు కూలీలు తీసుకునే ఇద్దరు స్నేహితులు మన కథల్లో అరుదు. తుపాకీ ఎదుట నిలిచిన ధైర్యాన్ని రాశాము. జీతపు చీటీ ఎదుట తడబడిన మనస్సును రాయలేదు.

ఈ తడబాటు నాకు తెలుసు. మా స్టాఫ్ రూములో 2004 సెప్టెంబరుకు ముందు చేరినవారికి పాత పెన్షను, తర్వాత చేరిన నా వంటివారికి కొత్త పథకం, కాంట్రాక్టు మిత్రులకు ఏదీ లేదు. నాకు జరిగిన అన్యాయం గురించి నేను గట్టిగానే మాట్లాడతాను. కాని ఆ మిత్రులు సమ్మె చేసిననాడు హాజరుపట్టీ పట్టుకొని తరగతికి వెళ్లాను. ఆరోజు చెప్పింది అభ్యుదయ కవిత్వమే.

విద్యార్థికి నేనివ్వగల జవాబు ఇదే. నీకంటే ఎక్కువ జీతం తీసుకునేవాణ్ణి జాలితో చూడనక్కరలేదు. అతడు తన తర్వాత వచ్చేవాని కోసం ఏమి వదులుకున్నాడో అడుగు. మన కథల్నీ ఆ ప్రశ్నే అడుగు. నన్ను కూడా అడుగు.